గోడ ఇవతలి సిగ్నల్

తెనాలిలో మా ఇంటి పెరట్లో తులసికోట పక్కన ఒక చోటుంది. అక్కడ నిలబడితే ఫోనుకు రెండు పాయింట్ల సిగ్నల్ వస్తుంది. వంటింటి గడప దాటి లోపలికొస్తే అవతలివాళ్ల మాట ముక్కలు ముక్కలవుతుంది. నడవాలోకి వచ్చేసరికి పూర్తిగా పోతుంది. ఏళ్ల తరబడి అమ్మ నాతో మాట్లాడింది ఆ తులసికోట దగ్గర నుంచే. వానాకాలం గొడుగు పట్టుకుని, చలికాలం శాలువా కప్పుకుని. "ఉండు నాన్నా, పెరట్లోకొస్తున్నా, టవర్ దొరకట్లేదు" అన్నదే ప్రతి ఫోనులో ఆమె మొదటి మాట. అదే ఇంట్లో హాల్లో టీవీ పక్కన, నెలనెలా డబ్బు కడుతున్న వైఫై పెట్టె పచ్చలైటు వెలుగుతూ ఉండేది. ఆ రెంటికీ పొత్తు కుదర్చవచ్చని మాకు చాలాకాలం తెలియలేదు.

నిరుడు సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆమె ఫోను సెట్టింగుల్లో "వైఫై కాలింగ్" అన్న మీట ఆన్ చేశాను. కాసేపటికి తెరపైన సిగ్నల్ గుర్తు పక్కన చిన్న వైఫై గుర్తు పడింది. అమ్మ వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడే హైదరాబాదులో ఉన్న చెల్లెలికి ఫోను చేసింది. "నీ గొంతు పక్కనే ఉన్నట్టుందే" అని ఆశ్చర్యపోయింది. కొత్త యాప్ వేసుకోలేదు, కొత్త నంబరు తీసుకోలేదు, అదనంగా రూపాయి కట్టలేదు. మొబైల్ కంపెనీ ఇచ్చిన అదే నంబరు మీద, ఇంటి వైఫై గుండా మామూలు ఫోను కాలు వెళ్లింది.

ఇది చిన్న సదుపాయంలా కనిపిస్తుంది. తరచి చూస్తే దీని వెనక పెద్ద ప్రశ్నే ఉంది. సిగ్నల్ ఇంట్లోకి రాకపోతే దాన్ని లోపలికి తెచ్చే బాధ్యత ఎవరిది? నంబరు అమ్మిన కంపెనీదా, ఇల్లు కట్టిన బిల్డరుదా, నెట్ బిల్లు కట్టే మనదా? వైఫై కాలింగ్ సమస్యను తీర్చింది, కానీ తీరుస్తూ ఆ భారంలో కొంత చడీచప్పుడు లేకుండా మన హాల్లోకి మార్చింది. ఈ వ్యవస్థ పుట్టుక, పనితీరు, మేలు, లోటు అన్నీ ఒకచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

లోపలికి ఎందుకు రాదు

మొబైల్ టవర్ నుంచి వచ్చేవి రేడియో తరంగాలు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ గోడల్ని దాటే శక్తి వాటికి తగ్గుతుంది. మన దేశంలో 4జీ సేవలు 850, 900 మెగాహెర్ట్జ్ దగ్గర నుంచి 1800, 2100, 2300 మెగాహెర్ట్జ్ వరకు రకరకాల బ్యాండ్లలో నడుస్తున్నాయి. 5జీలో ఎక్కువ భాగం 3300 మెగాహెర్ట్జ్ పైన ఉన్న బ్యాండులో ఉంది. కింది బ్యాండ్లు దూరం పోతాయి, గోడల్లోంచి కొంత తేలిగ్గా చొరబడతాయి. పై బ్యాండ్లు ఎక్కువ డేటా మోస్తాయి గానీ గోడ తగిలితే నీరసిస్తాయి.

దానికి తోడు మన కట్టడాలు మారాయి. పెంకుటింటి పైకప్పు తరంగాన్ని పెద్దగా ఆపేది కాదు. ఇప్పుడు దట్టంగా ఇనుము కట్టిన స్లాబు, కాంక్రీటు గోడలు, వేడి రాకుండా లోహపు పూత పూసిన అద్దాలు. ఆ పూత ఎండను ఆపినట్టే సిగ్నల్‌నూ ఆపుతుంది. హైదరాబాదులో ఇరవై, ముప్ఫై అంతస్తుల గేటెడ్ కమ్యూనిటీల్లో సెల్లార్లోకి దిగితే ఫోను మూగబోవడం రోజూ చూస్తున్నదే. పై అంతస్తుల్లో ఇంకో చిక్కుంది. టవర్ యాంటెనాలు సాధారణంగా నేల వైపు వంచి ఉంటాయి, కాబట్టి చాలా ఎత్తులో ఉన్నవారికి టవర్ కళ్లెదుటే కనిపిస్తున్నా సిగ్నల్ సరిగా అందదు.

వైఫై కూడా రేడియో తరంగమే. 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, అంటే పౌనఃపున్యంలో చాలా మొబైల్ బ్యాండ్ల కన్నా పైనే ఉంటుంది. మరి అది పనిచేయడానికి కారణం ఒక్కటే: పుట్టే చోటు గోడకు ఇవతల ఉంది. బయటి నుంచి ఇంటిదాకా మాటను మోసేది గాలి కాదు, ఫైబర్ తీగ. గోడను దాటాల్సిన పని తీగ చేస్తుంది, గదిలో నాలుగడుగులు నడిచే పని మాత్రమే తరంగానికి మిగులుతుంది.

సిమ్ తాళంచెవి, సొరంగం దారి

వైఫై మీద ఫోను చేసినప్పుడు లోపల జరిగేది ఇది. ఫోను ముందుగా ఇంటర్నెట్లో తన ఆపరేటర్ ద్వారం ఎక్కడుందో వెతుక్కుంటుంది. సాంకేతికులు ఆ ద్వారాన్ని ఈపీడీజీ అంటారు. దాని పని మొబైల్ నెట్‌వర్క్ అనే కోటకు ఇంటర్నెట్ వైపున కాపలా కాయడం. ఫోనుకూ ఈ ద్వారానికీ మధ్య సంకేతభాషలో చుట్టిన ఒక సొరంగం ఏర్పడుతుంది. వచ్చింది అసలు చందాదారుడేనా అని ద్వారం అడిగితే, సిమ్ కార్డులోని రహస్య సంఖ్య సాయంతో ఫోను జవాబిస్తుంది. ఆ రహస్య సంఖ్య మాత్రం సిమ్ దాటి బయటికి రాదు. జవాబు సరిపోతే తలుపు తెరుచుకుంటుంది.

ఆ తర్వాత మాట వెళ్లేది 4జీ కాల్స్‌ను నడిపే వ్యవస్థలోకే. దాని పేరు ఐఎంఎస్. 2016 సెప్టెంబరులో జియో 4జీ మీదనే మాట్లాడే వోల్టీతో మార్కెట్లోకి వచ్చాక మన దేశంలో ఆ పద్ధతి ఇంటింటికీ చేరింది. వైఫై కాలింగ్ దానికి రెండో తలుపు లాంటిది. ఎక్స్ఛేంజీ ఒకటే, నంబరు ఒకటే, బిల్లు ఒకటే. అందుకే ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేసినా మన నంబరుకు కాల్స్ వస్తాయి. టవర్ అవసరమే ఉండదు.

మన గొంతును ఫోను సెకనుకు 50 ముక్కలుగా కోసి ఒక్కో ప్యాకెట్‌లో కట్టి పంపుతుంది. పాత ఫోను కాలు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే ధ్వనిని మోసేది. ఇప్పటి హెచ్‌డీ కాలు 50 నుంచి 7000 హెర్ట్జ్ దాకా మోస్తుంది. స-శ, ప-ఫ లాంటి తేడాలు తెలిసేది ఆ పై శబ్దాల్లోనే. అమ్మకు చెల్లెలి గొంతు పక్కనే ఉన్నట్టు వినిపించడానికి కారణం అదే. అవతలి ఫోను, ఆ నెట్‌వర్క్ కూడా ఆ పద్ధతిలోనే ఉన్నప్పుడే ఆ స్పష్టత దక్కుతుంది.

ఇంతా చేసి ఖర్చయ్యే డేటా నిమిషానికి సుమారు ఒక ఎంబీ. గంట మాట్లాడినా ఒక సినిమాలో కొన్ని నిమిషాలంత. కాబట్టి దీనికి కావలసింది నెట్ వేగం కాదు, నిలకడ. మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోవడం మేలని అంతర్జాతీయ టెలికాం సమితి చెబుతుంది. 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా, రౌటర్ మూడు గోడల అవతల ఉండి ప్యాకెట్లు దారిలో రాలిపోతుంటే మాట తెగుతుంది. 15 ఎంబీపీఎస్ ప్లాన్‌లో రౌటర్ ఇంటి మధ్యలో ఉంటే హాయిగా సాగుతుంది.

ఇరవై ఏళ్ల దారి

ఈ ఆలోచన కొత్తది కాదు. 2004లో కొన్ని కంపెనీలు కలిసి, లైసెన్సు అక్కర్లేని తరంగాల మీద మొబైల్ సేవ అందించే ఒక ప్రమాణాన్ని తయారుచేశాయి. దాని పేరు యూఎంఏ. మరుసటి ఏడాది బ్రిటన్‌లో బీటీ సంస్థ "ఫ్యూజన్" పేరుతో ఇంట్లో ల్యాండ్‌లైన్ మీద, బయట మొబైల్ నెట్‌వర్క్ మీద పనిచేసే ఫోను తెచ్చింది. 2006లో ఫ్రాన్స్‌లో ఆరెంజ్ సంస్థ "యూనిక్" ప్రారంభించింది. 2007 జూన్‌లో అమెరికాలో టీ-మొబైల్ "హాట్‌స్పాట్ ఎట్ హోమ్" అంటూ దేశమంతటా ఈ సేవ మొదలుపెట్టింది. అప్పట్లో దానికి పనికొచ్చిన ఫోన్లు రెండే, ఒకటి నోకియా, ఒకటి శాంసంగ్. నెలకు అదనపు రుసుము కూడా ఉండేది. టీ-మొబైల్ తొందరపాటుకు కారణముంది. తన పోటీదార్లకున్నంత తక్కువ పౌనఃపున్య స్పెక్ట్రమ్ దాని దగ్గర లేదు, అందుచేత దాని సిగ్నల్ ఇళ్లలోకి అంతగా వచ్చేది కాదు. లోటున్నవాడే దారి వెతుక్కున్నాడు.

యూఎంఏ ఎక్కువకాలం నిలవలేదు. దానికి ప్రత్యేకమైన ఫోన్లు కావలసి వచ్చేవి, అది పాత 2జీ వ్యవస్థను అనుకరించేది. 4జీ వచ్చి మాట కూడా ఇంటర్నెట్ ప్యాకెట్లుగా మారాక అసలైన మలుపు వచ్చింది. 2014లో యాపిల్ తన ఐఓఎస్ 8లో వైఫై కాలింగ్‌కు చోటిచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో టీ-మొబైల్ దాన్ని తన ప్రచారానికి ముందు పెట్టింది. 2015 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో ఈఈ మొదలుపెట్టింది.

ఆ ఏడాది అమెరికాలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఏటీ అండ్ టీ సేవ సిద్ధం చేసుకుని కూడా అక్టోబరు దాకా ఆగింది. వినికిడి లేనివారు ఫోను తీగ మీద అక్షరాలు పంపుకునే టీటీవై అనే పాత పరికరం వైఫై కాల్స్ మీద నమ్మకంగా పనిచేయదు. టీటీవై తప్పక పనిచేయాలన్న నిబంధన నుంచి అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ మినహాయింపు ఇచ్చాకే ఏటీ అండ్ టీ ముందుకు కదిలింది. మాట్లాడుతున్నప్పుడే అక్షరాలు అవతల కనిపించే కొత్త పద్ధతిని తెస్తామని బదులుగా ఒప్పుకుంది. ఎవరికో కొత్త సదుపాయం వచ్చినంతలో ఇంకొకరి పాత సదుపాయం పోకూడదని నియంత్రణ సంస్థ పట్టుబట్టడం ఎంత అవసరమో ఆ ఉదంతం చూపింది.

మన దేశంలో దారి కొంచెం వంకరగా సాగింది. మొబైల్ నంబరుతో ఇంటర్నెట్ మీద ఫోను చేసుకోవచ్చునా, దాన్ని ఎవరు అందించవచ్చు అన్న అంశం మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 అక్టోబరులో సిఫార్సులు చేసింది. 2018లో టెలికాం శాఖ దారి తెరిచింది. ఆ వెంటనే బీఎస్ఎన్ఎల్ "వింగ్స్" పేరుతో ఏడాదికి 1,099 రూపాయలకు ఒక యాప్ తెచ్చింది. సిమ్ అక్కర్లేకుండా, ఏ నెట్ మీదనైనా దేశంలోని ఏ నంబరుకైనా మాట్లాడుకునే వీలుండేది. ఆలోచన మంచిదే. కానీ విడిగా యాప్, విడిగా నంబరు అనేసరికి జనంలోకి పోలేదు.

ఫోనులోనే ఇమిడిన వైఫై కాలింగ్ 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్‌తో ఢిల్లీ ప్రాంతంలో మొదలైంది. ఆరంభంలో తన సొంత ఫైబర్ కనెక్షన్ మీదనే పనిచేసేలా పెట్టింది, తర్వాత ఆ కట్టు సడలించింది. 2020 జనవరిలో జియో ఏ వైఫై మీదనైనా, దేశమంతటా అంటూ వచ్చింది. ఆ రెండు నెలలకే లాక్‌డౌన్. ఆఫీసు ఇంటికొచ్చింది, బడి ఇంటికొచ్చింది, ఇంట్లో ఏ మూల సిగ్నల్ లేదో ప్రతి కుటుంబానికీ తెలిసివచ్చింది. వొడాఫోన్ ఐడియా 2020 చివర్లో కొన్ని సర్కిళ్లలో మొదలుపెట్టింది. బీఎస్ఎన్ఎల్ 2026 జనవరి 1న దేశవ్యాప్త సేవను ప్రకటించింది, అదనపు రుసుము లేకుండా. ప్రైవేటు కంపెనీల కన్నా ఆరేళ్లు ఆలస్యం. అయినా కొన్ని మారుమూల ఊళ్లకు ఆధారం ఆ సిమ్మే గనక ఆ అడుగు విలువ తక్కువేం కాదు.

వాట్సాప్ ఉండగా ఇదెందుకు

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. వాట్సాప్ కాలుకు ఇద్దరి దగ్గరా ఆ యాప్ ఉండాలి, ఇద్దరికీ నెట్ ఉండాలి. వైఫై కాలు అవతల ఎవరికైనా వెళ్తుంది. పొలంలో కీప్యాడ్ ఫోను పట్టుకున్న మామయ్యకు, ఆసుపత్రి రిసెప్షన్ ల్యాండ్‌లైనుకు, గ్యాస్ బుకింగ్ నంబరుకు, బ్యాంకు టోల్‌ఫ్రీకి. అంతకన్నా ముఖ్యం, వచ్చే కాల్స్. కొరియర్ కుర్రాడు, పింఛను ఆఫీసు, డాక్టరు దగ్గరి నర్సు మనకు వాట్సాప్ చేయరు, నంబరుకు చేస్తారు. ఇంట్లో సిగ్నల్ లేకపోతే వాళ్లకు వినపడేది "స్విచ్ఛాఫ్ లేదా కవరేజీ ఏరియాలో లేరు" అన్న మాటే.

ఓటీపీ సంగతి వేరే చెప్పాలా? ఆపరేటర్ ఆ ఏర్పాటు చేసిన చోట ఎస్ఎంఎస్ కూడా అదే సొరంగంలోంచి వస్తుంది. గ్యాస్ సబ్సిడీ నుంచి బ్యాంకు లావాదేవీ దాకా ఆరంకెల మీద ఆధారపడిన జీవితంలో, ఆ ఆరంకెల కోసం మేడెక్కాల్సిన అవస్థ తప్పడం పెద్దవాళ్లకు నిజమైన ఊరట.

వాట్సాప్‌కు ఉన్న ఒక బలం మాత్రం దీనికి లేదు. వాట్సాప్ కాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా తాళం వేసి వెళ్తుంది, మధ్యలో కంపెనీకీ వినపడదు. వైఫై కాలుకు తాళం ఆపరేటర్ ద్వారం దాకానే. అక్కడి నుంచి అది మామూలు ఫోను కాలు, చట్టప్రకారం నిఘాకు లోబడేదే.

మిగతా మందులు

ఇంట్లో సిగ్నల్ రావడానికి జనం వాడే మొదటి నాటుమందు బూస్టర్. మార్కెట్లో దొరుకుతుంది, మేడ మీద యాంటెనా పెట్టి లోపలికి తీగ లాగుతారు. అనుమతి లేకుండా దాన్ని పెట్టుకోవడం మన చట్టం ప్రకారం నేరం. కారణం లేకపోలేదు. నాసిరకం బూస్టర్ టవర్ వైపు రొద పంపి, ఆ టవర్ మీద ఆధారపడిన వీధి మొత్తానికి సిగ్నల్ చెడగొడుతుంది. ఒక ఇంటి కోసం వందిళ్ల గొంతు నొక్కినట్టు.

రెండోది ఫెమ్టోసెల్, ఇంటి నెట్‌కు తగిలించే బుల్లి టవర్. అమెరికా, బ్రిటన్‌లలో 3జీ రోజుల్లో కొంతకాలం నడిచింది. ప్రత్యేక పెట్టె కొనాలి, పాత సాంకేతికత పోతే ఆ పెట్టె చెత్తబుట్టకే. 2022లో ఏటీ అండ్ టీ 3జీని మూసేసినప్పుడు దాని మైక్రోసెల్ పెట్టెలకు అదే గతి పట్టింది. మూడోది పెద్ద భవనాల్లో అంతస్తు అంతస్తునా చిన్న యాంటెనాలు బిగించే ఏర్పాటు. విమానాశ్రయాలు, మాల్స్, మెట్రో స్టేషన్లలో ఉండేది ఇదే. పని నిక్కచ్చిగా ఉంటుంది, ఖర్చూ అలాగే ఉంటుంది. సొంత ఇంటికి అది అందదు. ఉన్న రౌటర్‌తో, ఉన్న ఫోనుతో, పైసా అదనపు ఖర్చు లేకుండా జరిగేది వైఫై కాలింగ్ ఒక్కటే. అందుకే నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. లోటుపాట్లు విప్పి చెప్పడం కూడా ఆ సమర్థనలో భాగమే.

ఎక్కడ తడబడుతుంది

మొదటి లోటు ఫోనులో. వైఫై ఉన్న ప్రతి ఫోనూ దీనికి పనికిరాదు. ఆ మోడల్‌ను ఆపరేటర్ పరీక్షించి, ఒప్పుకుని, దానికి తగిన సెట్టింగులను ఫోను కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలి. అందుకే ఒకే ఫోనులో ఒక సిమ్ మీద వైఫై కాలింగ్ కనిపిస్తుంది, రెండో సిమ్ మీద కనిపించదు. విదేశాల నుంచి తెచ్చిన ఫోన్లలో అసలు మీటే కనిపించకపోవచ్చు. మా పిన్ని ఫోనుకు ఇదే జరిగింది. వినియోగదారుల కేంద్రానికి ఫోను చేస్తే "మీ ఫోను కంపెనీని అడగండి" అన్నారు, ఫోను కంపెనీవాళ్లు "మీ ఆపరేటర్‌ను అడగండి" అన్నారు. సామర్థ్యం ఉండి కూడా జాబితాలో పేరు లేనందుకు సేవ అందకపోవడం న్యాయం కాదు.

రెండోది గడప దగ్గర. మాట్లాడుతూ గేటు దాకా వెళ్తే వైఫై అంచుకు వస్తుంది. బయట మంచి 4జీ ఉంటే కాలు తెగకుండా దానిమీదికి మారుతుంది. బయట 2జీ మాత్రమే ఉంటే చాలాచోట్ల తెగిపోతుంది. ఇంకొన్ని ఫోన్లు వీగిపోతున్న వైఫైనే పట్టుకుని వేలాడతాయి. అప్పుడు సెట్టింగుల్లో "మొబైల్ నెట్‌వర్క్‌కు ప్రాధాన్యం" అన్నది ఎంచుకోవడం మేలు. సిగ్నల్ బాగున్నప్పుడు టవర్, లేనప్పుడే వైఫై.

మూడోది రౌటర్లో. కొన్ని ఆఫీసులు, హాస్టళ్లు, హోటళ్ల నెట్‌లు ఇలాంటి సొరంగాల్ని అడ్డుకుంటాయి. అక్కడ వైఫై మీద వీడియోలు ఆడతాయి గానీ వైఫై కాలు నమోదు కాదు.

నాలుగోది, మన ఊళ్లకు అన్నిటికన్నా పెద్దది, కరెంటు. టవర్ కింద బ్యాటరీలుంటాయి, చాలాచోట్ల జనరేటరూ ఉంటుంది. మన రౌటర్‌కు ఏముంది? మా ఇంట్లో ఇన్వర్టర్ ఫ్యాన్లకు, లైట్లకే కలిపి ఉంది, టీవీ పక్క ప్లగ్గుకు లేదు. ఒకరాత్రి గాలివానకు కరెంటు పోయి గంటసేపు అమ్మ ఫోను అందక నేను పడ్డ కంగారు నాకే తెలుసు. తెల్లారి ఎలక్ట్రీషియన్ను పిలిచి ఆ ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను కలిపించాం. రౌటర్‌కు తగిలించే చిన్న బ్యాటరీ పెట్టెలూ దొరుకుతున్నాయి. ఫైబర్ తీగ చివరి పెట్టె, రౌటర్ రెండూ దానిమీద ఉండాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే ఫలితం సున్నా.

ప్రాణాపాయంలో

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైనప్పటి నుంచి మన ఇళ్లలో ఆ మూడంకెలకు ఉన్న విలువ వేరు. ఇప్పుడు దేశమంతటికీ 112 కూడా ఉంది. టవర్ మీద చేసిన కాలు ఏ టవర్ పరిధి నుంచి వచ్చిందో నెట్‌వర్క్‌కు తెలుస్తుంది. వైఫై మీద చేసిన కాలుకు ఆ ఆనవాలు ఉండదు. ఇంటర్నెట్ చిరునామా చెప్పే ఊరు నిజమైన ఊరు కావాలని లేదు. అందుకే అమెరికాలో వైఫై కాలింగ్ ఆన్ చేసేముందు ఇంటి చిరునామా నమోదు చేయమని ఆపరేటర్లు పట్టుబడతారు. అక్కడి అత్యవసర నంబరు 911కు వైఫై మీద కాలు వెళ్తే వాళ్లకు కనిపించేది ఆ చిరునామానే కావచ్చు. ఇల్లు మారి చిరునామా మార్చకపోతే అంబులెన్సు పాత ఇంటికి వెళ్లే ప్రమాదముంది.

మన ఇళ్లకూ ఇందులో పాఠముంది. అత్యవసరంలో మొబైల్ సిగ్నల్ కాస్తయినా దొరికితే దానిమీదే చేయాలి. వైఫై మీద చేయాల్సివస్తే మొదటి వాక్యంలోనే ఊరు, వీధి, గుర్తుగా చెప్పుకునే చోటు చెప్పాలి. ఎదుటివాళ్లకు తెలిసే ఉంటుందన్న ధీమా వద్దు.

తాళం ఎంత గట్టిది

రైల్వేస్టేషన్ వైఫై మీద మాట్లాడితే పక్కవాడు వింటాడా? సొరంగం సంకేతభాషలో ఉంటుంది కాబట్టి మామూలుగా వినలేడు. ఆ మేరకు ధైర్యంగా ఉండవచ్చు. కానీ తాళం ఎంత మంచిదైనా దాన్ని బిగించినవారి శ్రద్ధ మీద కూడా భద్రత ఆధారపడుతుంది. 2016లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పియర్స్ ఓహాన్లన్, రవిశంకర్ బోర్గావ్‌కర్ ఒక లోపం చూపారు. సొరంగం కట్టే తొలి క్షణాల్లో దొంగ వైఫై పెట్టినవాడు సిమ్ గుర్తింపు సంఖ్యను రాబట్టగలడని నిరూపించారు. మాటలు చేజిక్కవు గానీ, ఈ మనిషి ఇక్కడికి వచ్చాడన్న ఆచూకీ చేజిక్కుతుంది.

2024లో జర్మనీ, ఆస్ట్రియా పరిశోధకుల బృందం ఇంకో నిజం బయటపెట్టింది. వేర్వేరు దేశాల్లోని 13 మంది ఆపరేటర్లు, ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టాల్సిన తాళంచెవులకు బదులు, అందరూ అవే పది తాళంచెవులను వాడుతున్నారని తేల్చింది. సంబంధిత సంస్థలకు ముందే తెలియజేసి, దిద్దుబాటుకు గడువిచ్చి, ఆ తర్వాతే ఫలితాలు ప్రకటించింది. ప్రమాణం గట్టిదే, అమలు సడలింది. ఆపరేటర్ల వైఫై ద్వారాలను స్వతంత్ర సంస్థల చేత క్రమం తప్పకుండా తనిఖీ చేయించడం ఎందుకు అవసరమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

సముద్రం దాటితే

తెలుగు కుటుంబాలకు ఈ సేవతో మరో బంధముంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన పిల్లలు సెలవులకు వచ్చి విజయవాడ ఇంటి వైఫై మీద తమ అమెరికా నంబరు ఆన్‌లో ఉంచుకుంటారు. అక్కడి పెద్ద ఆపరేటర్ల దగ్గర సాధారణంగా ఉన్న పద్ధతి ఇది: వైఫై మీద చేసిన కాలును అమెరికాలో ఉండి చేసినట్టే లెక్కిస్తారు. కాబట్టి బెజవాడ నుంచి డాలస్ ఆఫీసుకు గంట మాట్లాడినా ఖర్చుండదు. అదే నంబరు నుంచి గుంటూరులోని అత్తయ్యకు చేస్తే అంతర్జాతీయ కాలు రేటు పడుతుంది. ఇరవై మైళ్ల దూరానికి ఏడు సముద్రాల బిల్లు.

పురిటికి సాయంగా అక్కడికి వెళ్లే అమ్మానాన్నలది తిరగేసిన సమస్య. ఇక్కడి బ్యాంకు ఓటీపీల కోసం ఇక్కడి సిమ్ బతికి ఉండాలి. అక్కడి ఇంటి వైఫై మీద మన సిమ్ పనిచేస్తుందా, చేస్తే కాలుకెంత, మెసేజికెంత అన్నది ఆపరేటర్‌ను బట్టి, ప్లాన్‌ను బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. విమానం ఎక్కేముందే కనుక్కోవాలి. దిగాక కనుక్కోవడానికి ఫోను పనిచేయకపోవచ్చు.

భారం ఎవరిది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 2022 ఆగస్టులో ముగిసిన వేలంలో మన కంపెనీలు 1,50,173 కోట్ల రూపాయలకు స్పెక్ట్రమ్ కొన్నారు. ఆ ధర అంతిమంగా మన రీచార్జిల్లోంచే వస్తుంది. వైఫై కాలు మాత్రం ఆ ఖరీదైన స్పెక్ట్రమ్‌ను వాడుకోదు. లైసెన్సు అక్కర్లేని తరంగం మీద, మనం కొన్న రౌటర్ గుండా, మనం బిల్లు కట్టే తీగ మీద, మన కరెంటుతో నడుస్తుంది. అంటే ఒకే మాటకు రెండుసార్లు కడుతున్నాం. సౌకర్యం కోసం ఇష్టపడి కట్టడంలో తప్పు లేదు. కానీ ఆ ఏర్పాటు కంపెనీ బాధ్యతను మింగేయకూడదు.

ఆ ప్రమాదం ఉంది. ట్రాయ్ నగరాల్లో చేయించే నాణ్యత పరీక్షలు ప్రధానంగా రోడ్ల మీద బండిలో తిరుగుతూ చేసేవి. మా నడవాలోకి ఏ బండీ రాదు. ట్రాయ్ 2024 నాణ్యతా నిబంధనల ప్రకారం ఆపరేటర్లు తమ వెబ్‌సైట్లలో కవరేజీ పటాలు చూపాలి. ఆ పటంలో మా వీధి రంగు నిండి ఉన్నా వంటింట్లో మాట వినపడకపోవచ్చు. అదే ఏడాది అక్టోబరులో ట్రాయ్ భవనాలకు వాటి డిజిటల్ సదుపాయాన్ని బట్టి నక్షత్రాల రేటింగు ఇచ్చే నిబంధనలు తెచ్చింది. లిఫ్టు, పార్కింగ్ లాగే సిగ్నల్‌నూ ఇల్లు కొనేముందు చూసుకునే రోజు రావడానికి అది సరైన అడుగు. అయితే అది కొత్త అపార్ట్‌మెంట్లకు ఎక్కువగా పనికొచ్చేది, పాత స్లాబు ఇళ్లకు కాదు.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడగాలి. సామర్థ్యం ఉన్న ప్రతి ఫోనులో, ప్రతి ఆపరేటర్ మీద వైఫై కాలింగ్ పనిచేయాలి, జాబితాల అడ్డు ఉండకూడదు. ఈ సదుపాయం ఉందన్న సంగతిని ఆపరేటర్లు చందాదారులకు తెలుగులో, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. అత్యవసర కాల్స్ కోసం ఇంటి చిరునామా నమోదు చేసుకునే ఏర్పాటు కావాలి. ఇళ్లలో సిగ్నల్ లేదన్న ఫిర్యాదుకు "వైఫై వాడండి" అన్నది తుది జవాబు కాకూడదు.

చివరి మాట, వైఫై లేని ఇళ్ల గురించి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయల ప్లానుతో ఊళ్లలోకి వెళ్లింది. తెలంగాణలో టీ-ఫైబర్, దేశమంతటా భారత్‌నెట్ లక్ష్యం కూడా ఊళ్లకు ఫైబర్ చేర్చడమే. టవర్ సరిగా అందని ఊళ్లో పంచాయతీ ఆఫీసుకో, బడికో, ఆరోగ్య ఉపకేంద్రానికో ఫైబర్ వచ్చిందంటే, అక్కడ వైఫై అందినంత మేర మామూలు ఫోన్లే మోగుతాయి. మన్యంలో ఒక ఆశా కార్యకర్త ఉపకేంద్రం వరండాలో నిలబడి తన నంబరు నుంచే డాక్టరుతో మాట్లాడగలగడం చిన్న సంగతి కాదు. కానీ ఇంట్లో నెట్ కొనుక్కోలేని కుటుంబానికి టవరే దిక్కు. ఆ కుటుంబం కోసమే టవర్ బాధ్యతను మనం వదిలిపెట్టకూడదు.

ఈసారి తెనాలి వెళ్లినప్పుడు రౌటర్ పైన గోడకు ఒక కాగితం అంటించాను. పెద్ద అక్షరాలతో మూడు వరుసలు. కరెంటు పోయి రౌటర్ ఆగితే తులసికోట దగ్గరికి వెళ్లాలి. 108కు చేస్తే ముందు వీధి పేరు, పక్కనున్న గుడి పేరు చెప్పాలి. ఫోను పైన వైఫై గుర్తు కనిపించకపోతే నాకు చెప్పాలి. అమ్మ కళ్లజోడు పెట్టుకుని మూడూ చదివింది. "మొదటిది నాకు ఎప్పట్నుంచో తెలుసు నాన్నా" అని, వంటింట్లోకి నడుస్తూనే చెల్లెలికి ఫోను కలిపింది.